గోడకు గుడ్ల అట్టలు, గల్లీకి డీజే

హన్మకొండలో ఇల్లు బాగు చేయించుకునేవాళ్లకు ఇప్పుడు కొత్త మోజు పట్టింది. వంటింటికి మాడ్యులర్ అయింది, హాలుకు పీవోపీ అయింది, ఇక కొనాల్సింది నిశ్శబ్దం. నక్కలగుట్ట నుంచి కాజీపేట దాకా ఇంటీరియర్ వాళ్లు బూడిద రంగు స్పాంజి పలకలు పట్టుకొని గుమ్మాలు ఎక్కుతున్నారు. గుడ్ల అట్టల్లా గుంటలు గుంటలుగా ఉండే ఆ ఫోమ్‌ను గోడకు అతికించి, "సార్, ఇగ బయట బాంబు పేలినా మీకు ఇనవడదు" అని హామీ ఇస్తున్నారు. బాంబు వేసి చూసుకునే ఓనరు ఎలాగూ ఉండడు కాబట్టి హామీకి ఢోకా లేదు.

పాపం, ఆ ఫోమ్‌కు వచ్చిన పని ఒకటుంది. గదిలో పుట్టిన ధ్వని గోడకు తగిలి మళ్లీ మోగకుండా పీల్చుకుంటుంది. పాటలు రికార్డు చేసే స్టూడియోకు అది కావాలి. బయటి మోతను ఆపడం మాత్రం దానికి చేతకాదు, ఎందుకంటే మోతను ఆపేది బరువు. గోడ బరువు రెట్టింపైతే దాటొచ్చే ధ్వని లెక్క ప్రకారం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు తూకానికి కూడా తూగని స్పాంజి తగిలిస్తే తగ్గేది బ్యాంకు నిల్వ. లాభమంతా ఇదీ: బరాత్ బ్యాండు ఎప్పటిలాగే లోపలికి వస్తుంది, కాకపోతే ప్రతిధ్వని లేకుండా స్టూడియో నాణ్యతతో వినిపిస్తుంది.

గోడ మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు తలెత్తి వెంటిలేటరు చూడరు. వంద చదరపు అడుగుల గోడలో ఒక్క చదరపు అడుగు తెరిచి ఉంటే చాలు. మిగతా తొంభై తొమ్మిదీ కాకతీయుల కోట గోడంత మందమున్నా మొత్తం మీద ఆగేది 20 డెసిబెల్స్. బయట 90 మోగితే లోపల 70. తలుపు కింది సందుకు రబ్బరు పట్టీ వేయడం, కిటికీ చుట్టూ పగుళ్లు పూడ్చడం చిన్న ఖర్చుతో పోయే పనులు. చిన్న ఖర్చుకు క్యాటలాగు ఉండదు, క్యాటలాగు లేనిదాన్ని మనం నమ్మం.

రెండంతస్తుల ఇళ్ల ముచ్చట ఇంకా బాగుంటుంది. పైవాళ్లు శ్లాబు మీద నేరుగా విట్రిఫైడ్ టైల్స్ పరిపించి కుర్చీలు బరబరా ఈడుస్తారు. ఆ చప్పుడు శ్లాబునే వణికించి దిగుతుంది. కిందివాళ్లు తమ ఖర్చుతో సీలింగుకు థర్మాకోల్ కొట్టించుకుంటారు. రోగం పైన, మందు కింద! టైల్స్ కింద రబ్బరు పొర వేయించినా, కుర్చీ కాళ్లకు తొడుగులు వేసినా, కనీసం నేల మీద మందపాటి షత్రంజీ పరిచినా సగం గొడవ తీరేది. మన షత్రంజీలకు, అంటే వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కొత్తవాడలో నేసిన ఆ సరుకును మనం చుట్టాల కోసం అటకెక్కించి, వట్టి నేల మీద కుర్చీలు ఈడుస్తున్నాం.

గోడకు అతికించే ఆ ఫోమ్ పలకే మోతతో పాటు ఎండను కూడా ఆపుతుందట. ఎలాగని అడిగితే అమ్మేవాళ్లు తేలిక ఇటుకల శిఖరమున్న రామప్ప గుడిని సాక్ష్యానికి పిలుస్తారు. నీళ్లలో తేలే ఆ ఇటుకలను 1213 నాటి స్థపతులు శిఖరానికి వాడింది కింది కట్టడం మీద భారం తగ్గడానికి. ఆ గుడి ఉన్న పాలంపేటలో అప్పటికి డీజేలు లేవు. వేడిని అడ్డుకోవడానికి గాలి గుల్లలున్న తేలిక వస్తువు కావాలి, మోతను అడ్డుకోవడానికి బరువు కావాలి. అంగుళం మందం స్పాంజి ఒక్కటే అటు తేలికగా, ఇటు బరువుగా ఎలా ఉంటుందో అమ్మేవాడే చెప్పాలి. పైగా మే నెల ఎండ కొట్టేది శ్లాబు పైన, మనం థర్మాకోల్ కొట్టేది శ్లాబు కింద. డాబాకు తెల్ల సున్నం పూస్తే ఎండలో చాలా భాగం వచ్చిన దారినే పోతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో ఏకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. కానీ డాబా మీద సున్నం గృహప్రవేశానికి వచ్చినవాళ్లకు కనిపించదు. కనిపించనిదానికి ఖర్చు దేనికి?

ఒక్క మాట నవ్వకుండా చెప్పాలి. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో 'ది స్టేషన్' అనే నైట్‌క్లబ్‌లో బాణసంచా నిప్పు గోడల ఫోమ్‌కు అంటుకొని 100 మంది చనిపోయారు. స్విచ్చు బోర్డు చుట్టూ, దేవుడి దీపం పక్కన ఫోమ్ అతికించే ముందు అది ఎంత తొందరగా అంటుకుంటుందో అడగండి.

ఇంతకూ ఈ మోత ఎవరిది? శబ్ద కాలుష్య నియమాలు 2000లోనే వచ్చాయి. ఇళ్లుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 దాటొద్దు. అవి అమలైతే ఫోమ్ దుకాణాలకు గిరాకీ ఉండదు. కానీ అడిగేదెవరు? డీజే పెట్టించింది మన బామ్మర్ది. వినాయక మండపం చందా పుస్తకంలో మొదటి సంతకం మనది. మొన్నటి బరాత్‌లో స్పీకర్ల ముందు ఎగిరింది మనమే. ఆఖరికి సౌండ్‌ప్రూఫ్ చేయించిన ఇంటి గృహప్రవేశానికి కూడా డీజే లేకపోతే చుట్టాలు అలుగుతారు.

ఫోమ్ అమ్మేవాడికి ధ్వనిశాస్త్రం తెలియకపోవచ్చు గానీ మన సంగతి బాగా తెలుసు. "తమ్మీ, జర సౌండ్ తగ్గియ్" అనడానికి పైసా ఖర్చు లేదు, అనడానికి నోరే రాదు. ఆ మొహమాటానికే వాడు జీఎస్టీతో సహా బిల్లు వేస్తున్నాడు.