టోపీ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “కతెందుకబ్బయ్యా, టోపీ ఉండాదా లేదా?”

అవతారిక: నెల్లూరు తీరాన రెండో ఆటకు వచ్చినవాడు, మొదటి ఆట చూసి బయటికొస్తున్నవాణ్ణి అడిగినది.

ప్రతిపదార్థం: అబ్బయ్యా = ముందుగా చూసిన పుణ్యాత్ముడా; కత = కథాసంగ్రహము; ఎందుకు = అక్కరలేదు; టోపీ = కౌబాయ్ శిరోభూషణము (గుర్రం, తోలుబూట్లు, నిధి పటం ఇందులోనే ఇమిడియుండును); ఉండాదా లేదా = ఎన్ని పల్టీలు కొట్టినను తలపై నిలిచినదా?

టీక: పూర్వపక్షి అంటాడు: తెలుగునాట కౌబాయ్ ఎక్కడివాడు? మైపాడులో ఇసుకకు కొదవ లేదు గాని, దాని మీద గుర్రమెక్కి పగ తీర్చుకున్నవాడు లేడే! సమాధానం: ఇటలీలో మాత్రం ఉన్నాడా? అక్కడి దర్శకుడు సెర్జియో లియోనే స్పెయిన్ ఎడారిని అమెరికా అన్నాడు, లోకం ఒప్పుకుంది. నెల్లూరు జిల్లావాడు కె.ఎస్.ఆర్. దాస్ 1971లో తెనాలి దగ్గరి బుర్రిపాలెం కృష్ణను రాజస్థాన్ ఎడారిలో గుర్రమెక్కించి ‘మోసగాళ్లకు మోసగాడు’ తీస్తే తప్పేమి? రచన ఆరుద్ర. కనుక సాహిత్య గౌరవానికీ లోటు లేదు. పైగా పక్కన నాగభూషణం నవ్విస్తుంటే చావుబతుకుల పోరాటం కూడా తిరునాళ్ల వేడుకే.

మరి గూఢచారి చిత్రానికి ఈ సూత్రం చెల్లునా? చెల్లును, శ్లేషచేత. కౌబాయ్ పక్షంలో ‘కతెందుకు’ అంటే ముందే తెలిసినదే కనుక వద్దని. గూఢచారి పక్షంలో, చెబితే తెలిసిపోతుంది కనుక నోరు మూసుకోమని. అక్కడ ద్రోహి ఎవరో ముందే విన్నవాడికి టిక్కెట్టు డబ్బు దండగ. 2018లో వచ్చిన అడివి శేష్ ‘గూఢచారి’కి ఈ రెండో అర్థమే గ్రాహ్యం. ప్రమాణం: హాల్లో వేరుశెనక్కాయలు ఒలిచే చప్పుడు ఆగుట.

1966 నాటి ‘గూఢచారి 116’ మాత్రం రెండు పక్షాలకూ మధ్యస్థం. దొరలు తమ గూఢచారికి 007 ఇస్తే, మనవాళ్లు కృష్ణకు చక్కగా చదివింపుల లెక్కన నూటపదహార్లు సమర్పించారు. ఇంత శుభసంఖ్య గలవాడు చచ్చిపోతాడేమోనని బెంగపడటం ఎవరితరం?

తాత్పర్యం: ఓయీ, కథ నీ దగ్గరే ఉంచుకో. ఏ వేషం చూపిస్తానని పోస్టరు మాటిచ్చిందో ఆ వేషం చివరిదాకా చెదరకుండా ఉన్నదా, అది చెప్పు.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో ‘టోపీ’కి బదులు ‘సందేశం’ అని కనిపించును. అది బాల్కనీవారి దిద్దుబాటు. నేల టిక్కెట్టు ప్రతులలో ఎక్కడా లేదు.