జగజ్జేతల సంత

పందెమనగా నేమో పల్నాటివారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. గురజాల నలగామరాజు పక్షమున నాయకురాలు నాగమ్మయు, మాచర్ల మలిదేవరాజు పక్షమున బ్రహ్మనాయుడును కోళ్లను బరిలో దింపినప్పుడు, ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలెనన్న షరతును ఇరువురు నంగీకరించిరి; ఓడినవారు పోయిరి; గడువు తీరినను రాజ్యభాగము దక్కనందుననే కారెంపూడి రణరంగమైనది. నేటి వృత్తి బాక్సింగును పాలించు మహానుభావులలో ఒక్కరైనను ఆనాడు ఆ బరియొద్ద నుండినచో ఇంత అనర్థము జరిగియుండెడిది కాదు: నలగామునకు ‘సూపర్’ పట్టమును, మలిదేవునకు ‘రెగ్యులర్’ పట్టమును కట్టి, ఓడిన కోడికి ‘సిల్వర్’ బెల్టు చుట్టి, ముగ్గురియొద్దను రుసుము వసూలు చేసికొని, వచ్చిన దారినే పోయియుందురు.

ఇందు అతిశయోక్తి కలదని పాఠకులు శంకింపవలదు. ప్రపంచ విజేత బిరుదమును ప్రసాదించు పీఠములు నాలుగు గలవు: 1921లో అమెరికా జాతీయ సంఘముగా పుట్టి 1962లో ప్రపంచ నామధేయమును ధరించిన డబ్ల్యూబీఏ, 1963 నాటి డబ్ల్యూబీసీ, 1983 నాటి ఐబీఎఫ్, 1988 నాటి డబ్ల్యూబీఓ. 17 బరువు తరగతులకు నలుగురేసి చొప్పున ఏకకాలమున 68 మంది జగజ్జేతలకు చోటు కలదు. సూపర్, ఇంటెరిమ్, సిల్వర్, డైమండ్ మొదలగు ఉపగ్రహములు వేరు. బిరుదపు పోటీలో బాక్సరు గడించిన సొమ్మున సుమారు నూటికి మూడు వంతులు పీఠమునకు చెల్లవలెనని తెలిసినవారికి ఈ సంతానవృద్ధి మర్మము వివరింపనక్కరలేదు. 2024 మేలో రియాద్‌లో టైసన్ ఫ్యూరీని ఓడించి నాలుగు బెల్టులను ఒక్క నడుమునకు చుట్టుకొన్న ఒలెక్సాండర్ ఉసిక్, ఐబీఎఫ్ నిర్దేశించినవానితో గాక ఫ్యూరీతోనే మరల తలపడ నిశ్చయించినందున, రెండు నెలలైన తిరుగకముందే, ఎవరిచేతను ఓడకయే ఒక బెల్టును వదలుకొనవలసి వచ్చెను.

పట్టములు పెరిగినకొలది యువకులకు అవకాశములు పెరుగునని ఆ పీఠములవారి సమాధానము. నిజమే, 2000 అక్టోబరులో కీర్తిశేషుడైన డారిన్ మోరిస్ అను బాక్సరును డబ్ల్యూబీఓవారు తమ ర్యాంకుల పట్టికనుండి తొలగింపకపోవుటయే గాక, 2001 వచ్చునప్పటికి ఏడవ స్థానమునుండి ఐదవ స్థానమునకు పెంచిరి గనుక, ఆ అవకాశములు ఇహలోకమునకే పరిమితములు కావని ఒప్పుకొనక తప్పదు.

నవ్వుటకు వీలుకాని సంగతియు నొకటి కలదు. 1982 నవంబరులో డబ్ల్యూబీఏ బిరుదమునకై రే మన్సీనీతో తలపడిన కొరియా యువకుడు కిమ్ డుక్-కూ 14వ రౌండులో నేలకూలి, కొలది దినములకే మరణించెను. డబ్ల్యూబీసీ తన పోటీలను జాగు సేయక 15 రౌండ్లనుండి 12కు తగ్గించెను; ఎవరి బిరుదమునకై ఆ ప్రాణము పోయెనో ఆ డబ్ల్యూబీఏ 1987 వరకును, ఐబీఎఫ్ 1988 వరకును ఆలోచించుచు కూర్చుండెను. అనగా, మానవ మస్తిష్కము ఎన్ని రౌండ్ల దెబ్బల కోర్వగలదను ప్రశ్నకు, ఆ నడిమి యేండ్లలో, నడుమునకు చుట్టబోవు బెల్టును బట్టి జవాబు మారుచుండెనన్నమాట! ఒకే వైద్య నియమావళి, ఒకే ర్యాంకుల పట్టిక, ఒకచోట వైద్యులు నిలిపివేసిన బాక్సరు మరియొకచోట బరి యెక్కకుండ అందరికిని ఒకే చిట్టా: సంస్కరణవాదు లడుగుచున్నది ఇంతే.

ఔత్సాహిక క్రీడకు ఈ రోగము సోకలేదని తలపవలదు. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023 మార్చిలో ఢిల్లీలోను అంతర్జాతీయ బాక్సింగు సంఘము (ఐబీఏ) పోటీలలో జగజ్జేత కాగా, మూడు నెలలకే ఆ ఐబీఏకు ఒలింపిక్ సమితి గుర్తింపు రద్దుచేసెను. అందుచే పారిస్ ఒలింపిక్సులో ఆమెకు సీడ్ లేదు, రెండవ పోటీలోనే ప్రథమ సీడ్ అయిన చైనా వూ యూ ఎదురయ్యెను.

ఏకపాలన వచ్చినచో గుత్తాధిపత్యము ప్రబలునని పీఠముల చివరి ఆక్షేపణ. ఆ భీతి వారికి స్వానుభవమున కలిగినదే కావచ్చును: డబ్ల్యూబీసీకి 1975 నుండి 2014లో కన్నుమూయువరకు హోసే సులైమాన్ అధ్యక్షుడు, తదుపరి ఆయన కుమారుడు మౌరీసియో, డబ్ల్యూబీఏకు 1982 నుండి మూడు దశాబ్దములకు పైగా గిల్బెర్టో మెండోజా, తదుపరి ఆయన కుమారుడు, వాని పేరును గిల్బెర్టో మెండోజాయే యగుటచే, లెటర్‌హెడ్డుపై పేరు మార్చు ఖర్చు సైతము పీఠమునకు మిగిలినది.