మా ఇంట్లో స్క్రూజ్‌కి పడ్డ ఓట్లు

పిసినారి కథలంటే నాకెందుకంత ఇష్టమో మా ఆవిణ్ణి మాత్రం అడక్కండి. చెప్పేస్తుంది.

వాటన్నిట్లోకీ నాకు ప్రాణం డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కరోల్’. లండన్‌లో స్క్రూజ్ అని ఓ ముసలి షావుకారు, ఎంగిలిచేత్తో కాకిని తోలని రకం. పండగ ముందు రాత్రి, చచ్చిపోయిన భాగస్వామి మార్లీ దెయ్యమై వచ్చి హెచ్చరిస్తాడు. వెనకాలే మూడు ఆత్మలు వచ్చి జరిగిందీ, జరుగుతున్నదీ, జరగబోయేదీ చూపిస్తాయి. తెల్లారేసరికి మనిషి మారిపోతాడు. 1843 డిసెంబర్ 19న వచ్చిన ఆ పుస్తకం 6,000 కాపీలు క్రిస్మస్ లోపే చెల్లిపోయాయి. వెల 5 షిల్లింగులు. కథలో గుమాస్తా బాబ్ క్రాచిట్‌కి వారానికి 15 షిల్లింగులు. అంటే తన కథ తాను కొనుక్కోవాలన్నా పాపం జీతంలో మూడోవంతు వదిలించుకోవాలి. అంత అమ్ముడైనా రంగుబొమ్మలకీ, బంగారు అంచులకీ పోగా డికెన్స్‌కి మిగిలింది ఆశించినదాంట్లో ఏ మూలకీ రాలేదు. ఖర్చు విషయంలో నాలాంటివాణ్ణి ఓ మాట అడగాల్సింది.

ఇక సినిమాలంటారా, మూకీల కాలం నుంచీ తీస్తూనే ఉన్నారు. నా మటుకు 1951 నాటి అలెస్టర్ సిమ్ సినిమాయే సినిమా. డిసెంబర్ సెలవుల్లో ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, మధ్యమధ్యలో ఆపి, నటన గురించి నాలుగు ముక్కలు చెప్పడం నా సరదా. చెడ్డవాడిగా ఎవరైనా చేస్తారు, మారిన మర్నాడు ఎలా నవ్వాడన్నదే స్క్రూజ్‌కి పరీక్ష అని నా సిద్ధాంతం. ఈసారి అది వివరిస్తుంటే మా అమ్మాయి అడ్డొచ్చింది. “నాన్నా, ఆ అద్దంలో ఎవరో ఉన్నారు.” చూస్తే నిజమే. సినిమా తీస్తున్నవాళ్ల తాలూకు మనిషి ఎవరో అద్దంలో దర్జాగా కనిపిస్తున్నాడు. ఇన్నేళ్ల నా పాండిత్యానికి ఆ మనిషి ఒక్కసారీ ఆనలేదు.

అమ్మాయి ఓటు 1984లో వచ్చిన జార్జ్ సి. స్కాట్‌కి. అరవడు, వణకడు, బోర్డు మీటింగు నుంచి లేచొచ్చినట్టుంటాడు. బాగానే చేశాడనుకోండి. కానీ ఒప్పుకుంటే నా పరువేం కాను? “దానికి దర్శకుడు క్లైవ్ డానరే. నా సినిమాకి ఎడిటింగ్ చేసినాయన” అన్నాను, అది కూడా నా ఖాతాలోదే అన్నట్టు. అక్కడితో ఊరుకున్నానా? ష్రూస్‌బరీలో తీశారనీ, స్క్రూజ్ పేరు చెక్కిన సమాధి రాయిని సెయింట్ చాడ్స్ చర్చి ఆవరణలోనే వదిలేశారనీ, జనం వెళ్లి చూస్తుంటారనీ కూడా చెప్పాను. “అయితే మనమెప్పుడు వెళ్తున్నాం?” అంది. నేను మంచినీళ్లకి లేచాను.

మావాడికి 1992 నాటి మపెట్ల సినిమా కావాలి. అందులో గుమాస్తా కెర్మిట్ అనే కప్ప. మైకేల్ కెయిన్ ఆ గుడ్డబొమ్మల మధ్య ఎక్కడా కన్నుగీటకుండా, ఎదురుగా ఉన్నది మహానటులన్నట్టు చేసుకుపోతాడు. దానికి మాత్రం నేను దణ్ణం పెట్టాల్సిందే. అయినా ఉండబట్టలేక, “పుస్తకంలో మార్లీ ఒక్కడేరా, వీళ్లు ఇద్దర్ని చేశారు” అన్నాను. “ఒక టికెట్టుకి రెండు దెయ్యాలు. నీకు లాభమేగా నాన్నా” అన్నాడు.

2009లో జిమ్ కేరీతో వచ్చిన కంప్యూటర్ బొమ్మల సినిమాకి మా ఇంట్లో డిపాజిట్టు గల్లంతు.

ఇదంతా చూసి మా అత్తగారు, “ఇదీ ఒక పిసినారితనమేనా అల్లుడుగారూ? ‘అహ నా పెళ్లంట’లో కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తిన్నాడు. ఈయన ఏం వేలాడదీశాడు?” అన్నారు. నా దగ్గర సమాధానం లేదు.

మా ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూ ఇంతసేపూ నోరు మెదపలేదు. నా సినిమాలో ఆ పండగ ఉదయం వచ్చింది. సిమ్ రాత్రి చొక్కాతోనే గెంతుతాడు, నవ్వు ఆపుకోలేడు, చివరికి తలకిందులుగా నిలబడతాడు. పనిమనిషి మిసెస్ డిల్బర్ కెవ్వుమని ఏప్రన్ మొహానికి కప్పుకుని మెట్లమీదికి పరుగు. వెంటపడి చేతిలో బంగారు నాణెం పెడితే, నోరు మూసుకోమని ఇస్తున్నాడేమో అనుకుంటుందా పిచ్చితల్లి. జీతమెంతని అడుగుతాడు. వారానికి 2 షిల్లింగులంటుంది. 10 చేశానంటాడు.

“ఆపండి” అంది మా ఆవిడ. ఎప్పుడూ ఆపేది నేను కదా, కంగారుపడ్డాను. “రెండు నుంచి పదికా? అయిదింతలు. మన పనమ్మాయి దసరాకి అడిగింది అయిదు వందలేగా. చూద్దాం అన్నారు. చూశారా?”

పిల్లలిద్దరూ తెర వదిలేసి నన్ను చూడ్డం మొదలెట్టారు. మా అత్తగారు కళ్లజోడు కూడా పెట్టుకున్నారు.

సరే, ఇచ్చేదేదో సిమ్ లాగానే ఇద్దామని నిర్ణయించుకున్నాను. మర్నాడు పొద్దున్నే జుట్టు చెరుపుకుని, లుంగీ సవరించుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. తలకిందుల భాగం నడుం దృష్ట్యా వదిలేశాను. “ఈ నెల నుంచి నీ జీతం అయిదు వందలు పెంచుతున్నాను” అని సిమ్ నవ్వు ఒకటి నవ్వి, ఆ పిల్ల కెవ్వుమంటుందేమోనని ఎదురుచూశాను.

ఆ పిల్ల గిన్నె బోర్లించి చెయ్యి తుడుచుకుంది. “ఈ నెల నుంచా సార్? అమ్మగారు దసరా నుంచి అన్నారే?”

“దసరా నుంచే” అని లోపల్నుంచి వినపడింది.