కొంగున మామిడిపిందె

నేను కంచి పట్టుచీరను. కుంకుమరంగు ఒళ్ళు, ఆకుపచ్చ అంచు. కొంగు నిండా జరీ మామిడిపిందెలు. అంచు పొడుగునా నెమళ్ళు, వాటి ముక్కున ముత్యాల పేట.

1959లో తిరుత్తణిలో ఒక తెలుగింటికి ముహూర్తం చీరగా వచ్చాను. మరుసటి ఏడు ఏప్రిల్ 1న ఊరు చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. 1997లో తిరువళ్ళూరు జిల్లా ఏర్పడితే అందులో చేరింది. ఇంట్లో మాత్రం తెలుగు అట్లాగే ఉంది.

నన్ను గుంటమగ్గం మీద ఇద్దరు నేశారు. ఒళ్ళుది ఒక రంగు, అంచులది ఇంకొకటి కాబట్టి మూడు నాడెలు ఆడాలి. పెద్దాయన నాడె విసిరితే పక్కన కూర్చున్న కుర్రవాడు అంచు నాడె అందించేవాడు. ప్రతి పేకకూ రెండు రంగులూ ఒకదాన్నొకటి పెనవేసుకునేవి. కంచిలో దీన్ని కోర్వై అంటారు. చీర చినిగినా ఆ అతుకు వీడదని నేతగాళ్ళ మాట.

నా మీది బొమ్మలకు దూరదేశంలోనూ చుట్టాలున్నారు. పారశీకాన్ని 224 నుంచి 651 దాకా ఏలిన ససానీయుల నాటి శైలి పట్టుల్లో ముత్యాల వలయం మధ్య పక్షి నిలబడి ఉంటుంది. దాని ముక్కునా ముత్యాల పేటే! తర్వాత పారశీకాన్ని ఏలిన షా అబ్బాస్ కాలపు పట్టుల్లో గులాబీ, బుల్బుల్ పిట్ట కనిపిస్తాయి. అవి ప్రియురాలు, ప్రేమికుడు. సూఫీలకైతే దేవుడు, భక్తుడు. నా పిందెను పోలిన పారశీక బొమ్మ బుటాను, కొస వంగిన సైప్రస్ చెట్టని చాలామంది చెబుతారు. ఏడాదంతా పచ్చగా ఉండే ఆ చెట్టు అక్కడ తరగని ఆయుష్షుకు గుర్తు. గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడిలో పారశీక వర్తకులు మచిలీపట్నం రేవులో దిగేవారు. జరీ అన్న మాటే పారశీకం. 'జర్' అంటే బంగారం.

కిందటేడు వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని కేక వినబడింది. కోడలు నన్ను బీరువాలోంచి తీసింది. కొనేవాడు నెమలిని చూడలేదు. జరీని గోటితో గీకి, తక్కెట్లో వేశాడు. ఇట్లా కొన్న చీరల్ని కాల్చి జరీలోని వెండి తీస్తారు.

అంతలో మనవరాలు నా అంచు పట్టుకుంది. "అవ్వా, ఈ నెమలి నోట్లో ఉండేది ఏంది?"

అవ్వ గడప దాటి వచ్చింది. "ముత్యాల పేటమ్మా. కొండమీది సుబ్రమణ్యసామి వాహనం, వట్టి నోటితో వస్తుందా? ఇదిగో, ఇది పిందె. కడుపు పండాలని పెండ్లికూతురి కొంగున వేస్తారు." అంటూనే నన్ను తక్కెట్లోంచి తీసుకుని భుజాన వేసుకుంది.

మీ బీరువాలోనూ నాలాంటిది ఒకటి ఉంటుంది. అమ్మే ముందు ఒక్కసారి మడత విప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో బొమ్మ పేరూ, దాని అర్థమూ అడిగి రాసిపెట్టండి. వాళ్ళు ఉండగానే అడగండి.