మొహం చూపితే చాలు!

మొహం చూసి ప్రయాణికుణ్ని గుర్తుపట్టే డిజియాత్ర 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసి విమానాశ్రయాల్లో మొదలై, మరుసటి ఏడాది హైదరాబాద్, విజయవాడలకూ వచ్చింది. కెమెరా మొహం చూస్తుంది, గేటు తెరుచుకుంటుంది. 

ఆ తర్వాత? బెల్టు విప్పాలి, ల్యాప్‌టాప్ ట్రేలో పెట్టాలి, చేతులు చాపి నిలబడాలి. మొహం ఎంత చక్కగా కలిసినా సీఐఎస్ఎఫ్ జవాను తడమక మానడు.

డిజియాత్రలో ఇష్టమైతేనే చేరాలన్నది రూలు. కానీ సిబ్బంది గేటు దగ్గర సరిగ్గా చెప్పకుండానే ఫొటో లాగేస్తున్నారని 2024లో ప్రయాణికులు గగ్గోలు పెట్టారు. డిజియాత్రను నడిపే ఫౌండేషన్‌లో ప్రభుత్వ సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 26 శాతం వాటా ఉంది. అయినా ఆ ఫౌండేషన్ సమాచార హక్కు చట్టం కిందికి రాదట! మన మొహం వాళ్లకు కావాలి, వాళ్ల లెక్కలు మాత్రం మనకెందుకు?

మొహం ఇవ్వడం ఇష్టంలేనివారు గుర్తింపు కార్డు చూపి మామూలు క్యూలోనే వెళ్లొచ్చు. ఆ దారి కావాలని గట్టిగా అడగండి.