ముడిచిన కొమ్మ

నన్ను మైండ్ మ్యాప్‌లు గీసే సాఫ్ట్‌వేర్ ఫ్రీప్లేన్‌లో తెరిస్తే నడిమధ్య ‘చెరువు’ అని కనిపిస్తుంది, చుట్టూ కొమ్మలు, రెమ్మలు. అదే నోట్‌ప్యాడ్‌లో తెరిచారో, చెరువూ ఉండదు, చేపా ఉండదు. అంతా ఎక్స్‌ఎంఎల్. తెలుగక్షరాలు కూడా లోపల అంకెలే. ‘చ’ సంఖ్య యూనికోడ్‌లో 3098. ప్రతి మాట పక్కనా అది పుట్టిన క్షణం రాసి పెట్టుకుంటాను, 1970 జనవరి 1 నుంచి లెక్కేసిన మిల్లీసెకన్లలో. మైండ్ మ్యాప్ ఫైలుకి జాతకం అంటే అదే.

నన్ను పుట్టించినామెది హనుమకొండ. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల మీద ఒక పత్రికకు వ్యాసం రాయాలి. మొదటి రాత్రి పదకొండు నిమిషాల్లో నలభై మూడు మాటలు కుమ్మరించింది. ట్యాబ్ నొక్కితే పిల్ల, ఎంటర్ నొక్కితే తోబుట్టువు. కట్ట, తూము, మత్తడి, శిఖం, ఆయకట్టు, రామప్ప గుడి శాసనం 1213, ‘మూడు రాళ్ల పక్కన’... వరస లేదు, వావి లేదు. నాకు నచ్చిన ఘడియ అదే. తర్వాత సర్దడం మొదలుపెట్టింది.

మా జాతికి పేరు తెచ్చిన టోనీ బుజాన్ 1974లో బీబీసీలో పాఠాలు చెప్పాడు. కొమ్మకు ఒక్కటే మాట ఉండాలన్నది ఆయన నియమం. ఈమె కొమ్మకో పేరా రాసింది. నేను పక్కకు తప్ప పైకి పెరగలేదు.

అసలు తంటా ‘నీరటి’ అన్న మాటతో వచ్చింది. మౌస్‌తో పట్టుకుని ‘మనుషులు’ కింద పెట్టింది. కాసేపు చూసి ‘తూము’ కిందికి లాగింది. మళ్లీ ‘మనుషులు’. నా దగ్గర ఒక మాటకు ఒక్కడే తండ్రి. క్లోన్ అనే ఉపాయం ఉంది గానీ మెనూలో అంత లోపలికి ఆమె ఎన్నడూ పోలేదు. చివరికి వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది.

“బాపూ, నీరటి అంటే తూము కాడ ఉండేటోడేనా?”

“తూమొక్కటేనా బిడ్డా! ఎవరి మడికి ఎప్పుడు నీళ్లు పారాల్నో ఆయనే చెప్పేటోడు. ఆయన మాటకు ఊళ్లె ఎదురు లేకుండె.”

ఆమె ‘నీరటి’కీ ‘తూము’కీ మధ్య వంకర బాణం ఒకటి గీసి ఊరుకుంది.

ఆ ఫోన్‌లోనే ఆయన ఇంకా చాలా చెప్పాడు. ‘బాపు’ అని ఒక మూలన కొమ్మ పెట్టి గబగబా కొట్టుకుంది: మత్తడి దుంకిననాడు బడి లేదు, చేపలకు అమ్మ చీరకొంగు పట్టింది, రాత్రంతా నీళ్ల చప్పుడు. తర్వాత స్పేస్ నొక్కింది. కొమ్మ ముడుచుకుపోయి, చివర ఒక చిన్న సున్నా మిగిలింది. ముడవడం నాకున్న గొప్ప సౌకర్యమని పొగుడుతారు. ముడిస్తే మరిచిపోతారని మాత్రం ఎవరూ చెప్పరు.

రెండు వారాలు వ్యాసం నా కొమ్మల వరసలోనే నడిచింది. చరిత్ర, కట్టడం, మనుషులు, 2015లో మొదలైన మిషన్ కాకతీయ. నాలో ఉన్నంత అందంగానూ ఉంది, అంత పొడిగానూ ఉంది. తప్పు సగం నాది. గడులు కుదిరేసరికి ఆలోచన కూడా కుదిరిందని ఆమెకు అనిపించేలా చేశాను. ఫోన్‌లో చదివి వినిపిస్తే పెద్దాయన చివరిదాకా విన్నాడు.

“అంత మంచిగనే ఉంది బిడ్డా. నీళ్లేవి?”

ఆమె మాట్లాడలేదు. నన్ను తెరిచి ఆ సున్నా మీద స్పేస్ నొక్కింది. తెల్లారేసరికి వ్యాసం మత్తడి చప్పుడుతో మొదలైంది. రామప్ప శాసనం తొమ్మిదో పేరాకు జారింది.

వ్యాసం అచ్చయింది. నాలోంచి అందులోకి వెళ్లని మాటలు ఇంకా ఇరవై దాకా ఉన్నాయి. మొన్న శుభ్రం చేద్దామని కూర్చుని ‘మూడు రాళ్ల పక్కన’ దగ్గర ఆగింది. ఎందుకు రాసిందో గుర్తు రాలేదు. డిలీట్ మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకుంది. మొదటి రాత్రి 11:52కు పుట్టిందది. అంతకు మించి నాకూ తెలీదు.