కచేరీ హాలు కింది స్తంభాన్ని

నేను కాంక్రీటు స్తంభాన్ని. లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున క్వీన్ ఎలిజబెత్ హాల్ అనే కచేరీ భవనం ఉంది. దాన్ని నెత్తిన పెట్టుకుని నిలబడ్డవాళ్లలో నేనొకణ్ని. పైకి పోయేకొద్దీ విచ్చుకుంటాం కాబట్టి మమ్మల్ని పుట్టగొడుగు స్తంభాలంటారు. మా భవనం గోడలకు సున్నం, సింగారం ఏమీ లేవు. దగ్గరకొచ్చి చూస్తే చెక్క ఈనెలు కనిపిస్తాయి. కాంక్రీటు పోసినప్పుడు కొట్టిన సెంట్రింగు పలకల అచ్చు అది.

1967 మార్చి 1న రాణిగారు వచ్చి హాలు ప్రారంభించారు. స్వరకర్త బెంజమిన్ బ్రిటన్ సంగీతం నడిపించాడు. ఆ చప్పట్లన్నీ పైనే. కింద నా దగ్గర పురుగు కూడా లేదు. మనుషులు పైనున్న కాలిదారుల్లో నడవాలి, కింద బళ్లు తిరగాలి అన్నది ఆ రోజుల్లో ఆర్కిటెక్టుల సిద్ధాంతం. ఆ సిద్ధాంతం పుణ్యమా అని నా చుట్టూ వాలు గట్లు, మెట్లు, బోలెడంత నీడ మిగిలిపోయాయి. దేనికని అడిగితే చెప్పేవాడు లేడు.

1973 ప్రాంతంలో కుర్రాళ్లు వచ్చారు, కాళ్ల కింద చక్రాల పలకలతో. అంతకుముందు స్కేట్‌బోర్డు చక్రాలు గట్టిగా, పెళుసుగా ఉండేవి. చిన్న గులకరాయి అడ్డొస్తే పలక ఆగిపోయేది, మనిషి మాత్రం ఆగేవాడు కాదు. అప్పుడే అమెరికాలో పాలీయూరిథేన్ చక్రాలొచ్చాయి. అవి నేలను పట్టుకుని దొర్లుతాయి. కాలిఫోర్నియా వాళ్లు సముద్రపు అలల మీద చేసే సర్ఫింగ్‌ను వీళ్లు నా పక్కనున్న వాలు గట్టు మీద చేశారు. పైన కప్పుంది కాబట్టి లండన్ వాన వీళ్లనేమీ చెయ్యలేదు.

ఆ దశాబ్దం చివర్లో స్కేటింగ్ మోజు ఊరంతా పాకింది. టికెట్టు పెట్టి పార్కులు తెరిచారు, మోజు తగ్గగానే చాలావాటికి తాళాలు వేశారు. నన్ను మూసే బాధ ఎవరికీ లేకపోయింది. తెరిచినవాడంటూ ఉంటే కదా!

నేను రోజూ చూసే విద్య ఒకటి చెప్పాలి. దాన్ని ఆలీ అంటారు. కుర్రాడు వెనక కాలితో పలక తోకను నేలకేసి కొడతాడు. ముక్కు పైకి లేస్తుంది. అదే క్షణంలో ముందు కాలి బూటును, పలక మీద అతికించిన గరుకు కాగితానికి రాస్తూ ముందుకు లాగుతాడు. దాంతో వెనకభాగం కూడా లేచి, చేత్తో ముట్టుకోకుండానే పలక గాల్లో కాళ్లకు అంటుకుని వస్తుంది. చెప్పడానికి ఒక రెప్పపాటు. నేర్చుకోవడానికి మోకాళ్లు, మోచేతులు, బూట్ల జతలు చాలా పోతాయి. అంచుల మీద జారడానికి కొవ్వొత్తి రుద్దుతారు. ఆ మైనం, ఇనుము, దుమ్ము కలిసి అంచు నల్లగా నిగనిగలాడుతుంది. ఏ పాలిష్ మేస్త్రీ తేలేడు ఆ మెరుపు.

ఇక్కడ గురువు లేడు, ఫీజు లేదు. వరస మాత్రం ఉంది. ఎవడి వంతు వాడిది. అడ్డంగా దూరినవాడికి మాటలు పడతాయి. ఎవడైనా కష్టమైన దాన్ని సాధిస్తే మిగతావాళ్లు పలకల్ని నేలకేసి టకటకా కొడతారు. పై హాల్లో చప్పట్లకంటే నాకు ఆ చప్పుడే ఇష్టం. బొమ్మలేసేవాళ్లూ చేరారు. నా ఒంటి మీద ఎన్ని పూతలున్నాయో నాకే లెక్క లేదు.

అయితే నది ఒడ్డున జనం పెరిగారు, జాగా ధర పెరిగింది. 2000ల మధ్యలో చోటులో పెద్ద భాగాన్ని అడ్డుగోడలతో మూసేశారు. 2013లో అసలు పిడుగు పడింది. భవనం యాజమాన్యం 12 కోట్ల పౌండ్ల పునర్నిర్మాణ పథకం ప్రకటించింది. అందులో నా చుట్టూ దుకాణాలు, హోటళ్లు. స్కేటర్లకు కొంచెం అవతల హంగర్‌ఫర్డ్ వంతెన కింద కొత్త జాగా కట్టిస్తామన్నారు. ఆ వంతెన పునాది దిమ్మ మీద వీళ్లు విరిగిన పలకల్ని పడేసి వస్తుంటారు. 1999లో ఆ వంతెన మీద దుండగుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న ఒక స్కేటర్ కుర్రాడి జ్ఞాపకం అంటారు దాన్ని.

కుర్రాళ్లు కదల్లేదు. ‘లాంగ్ లివ్ సౌత్‌బ్యాంక్’ పేరుతో ఒక బల్ల వేసుకుని నా ఎదుటే కూర్చున్నారు. దారినపోయేవాళ్లను ఆపి సంతకాలు పెట్టించారు. లక్షన్నర మంది చేరారు. అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్ కూడా స్కేటర్లు ఉండాల్సిందేనన్నాడు. కొత్త జాగా మరింత సౌకర్యమే కదా అని పెద్దమనుషులు ఆశ్చర్యపోయారు. వాళ్లకు అర్థం కానిది ఒక్కటే: అక్కడ గట్లను స్కేటింగ్ కోసమని కొలిచి కడతారు. ఇక్కడి ఆటంతా అందుకోసం కట్టని గట్టును లొంగదీసుకోవడంలోనే ఉంది. 2014 సెప్టెంబరులో రాజీ కుదిరింది. స్కేటర్లు ఇక్కడే ఉంటారని కాగితం రాసుకున్నారు. ఒకప్పుడు ఎదురెదురుగా నిలబడ్డ ఆ రెండు పక్షాలే తర్వాత కలిసి విరాళాలు పోగుచేసి, మూసేసిన చోటులో కొంత భాగాన్ని 2019లో తిరిగి తెరిపించాయి. ఆ గోడ పోయిన రోజున నాకు వెలుతురొచ్చింది.

లండన్ వచ్చే తెలుగువాళ్లు లండన్ ఐ అనే పెద్ద చక్రం ఎక్కకుండా పోరు. దిగాక నదిని ఎడమచేతి వైపు ఉంచుకుని తిన్నగా నడవండి. హంగర్‌ఫర్డ్ వంతెన కింది నుంచి, రాయల్ ఫెస్టివల్ హాల్ ముందు నుంచి వస్తే తర్వాతి భవనం మాదే. రంగులు చూసి గుర్తుపట్టొచ్చు. టికెట్టు లేదు. కటకటాల ఇవతలే నిలబడండి, చేజారిన పలక పిక్కకు తగిలితే నొప్పి గట్టిగా ఉంటుంది. పిల్లలు చూస్తానంటే తొందరపెట్టకండి.